హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు

ఫుట్‌బాల్ క్రీడను గురించి ప్రస్తావన వచ్చినప్పుడు మనవారికి వెంటనే స్ఫురించే నగరం కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ సంఘాల ప్రఖ్యాతి అటువంటిది. ఆ ప్రఖ్యాతి అర్హమైనదే. కాని 1950వ సంవత్సరం మొదలుకొని సుమారు పద్నాలుగేండ్లపాటు ఆ మహాసంఘాలు ఏ జట్టు పేరు వింటే జాగ్రత్తపడేవో ఆ జట్టు మన హైదరాబాదుది. ఆ జట్టులో ఆడినవారు పోలీసు శాఖలో చిన్న, పెద్ద ఉద్యోగులు. వారికి ఆట నేర్పినవారు మాత్రం పోలీసు అధికారి కారు, ఒక బడిపంతులు. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో నేను చెప్పలేను. తరగతిలో అడిగి చూచినప్పుడు చేతులెత్తినవారు మాత్రం స్వల్పం.

ఆ జట్టు సాధించిన విజయాలను ముందుగా చెప్పి, అవి ఎట్లు సాధ్యమైనవో తరువాత వివరిస్తాను. విజయాల పట్టిక కన్న ఆ 'ఎట్లు' అన్నదే ముఖ్యమని నా అభిప్రాయం.

మన దేశంలో ఫుట్‌బాల్ బ్రిటిషు సైనికుల వెంట వచ్చినది. 1888లో సిమ్లాలో డ్యూరాండ్ కప్పు, 1891లో బొంబాయిలో రోవర్స్ కప్పు, 1893లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఆరంభమైనవి. చాలకాలం వీటిలో విజేతలు తెల్ల సైనిక పటాలాలే. 1934 నుంచి 1938 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు కలకత్తా లీగును గెలిచిన మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు 1940లో డ్యూరాండ్ కప్పును కూడ చేజిక్కించుకొని, ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ పౌర జట్టుగా నిలిచినది. భారతీయులు ఈ ఆటలో ఎవరికీ తీసిపోరన్న నమ్మకం దేశమంతటా బలపడిన కాలమది. సికిందరాబాదు కంటోన్మెంటు పుణ్యమా అని జంటనగరాలలో ఈ ఆట అప్పటికే వేళ్ళూనుకొని ఉన్నది.

ఇటువంటి నేపథ్యంలో, 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియనులో విలీనమైన రెండేండ్లకే, 1950లో, సిటీ పోలీసు జట్టు బొంబాయికి పోయి రోవర్స్ కప్పును గెలుచుకొని వచ్చినది. ఆ రెండేండ్లు ఈ నగరవాసులకు ఎటువంటివో పెద్దలకు విదితమే. ఉద్యోగాలు పోయినవారు, ఊళ్ళు విడిచినవారు, రేపేమగునో తెలియనివారు అనేకులు. అటువంటి తరుణంలో ఈ నగరం పేరు ఒక మంచి వార్తగా పత్రికలకెక్కినది. అదే సంవత్సరం డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పును కూడ తెచ్చినది. రోవర్స్ కప్పు 1951, 1952, 1953, 1954లలో కూడ హైదరాబాదుకే వచ్చినది. అనగా వరుసగా అయిదు సంవత్సరాలు! ఒక్కసారి గెలవడం అదృష్టం కావచ్చును, రెండుసార్లు గెలవడం పట్టుదల కావచ్చును. అయిదుసార్లు వరుసగా గెలిచినప్పుడు దాని వెనుక ఒక పద్ధతి ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

డ్యూరాండ్ కప్పును ఈ జట్టు 1954లోను, 1957లో ఈస్ట్ బెంగాల్‌పైని, 1961లో మళ్ళీ మోహన్ బగాన్‌పైని గెలిచినది. రోవర్స్ కప్పు 1957, 1960, 1963లలో తిరిగి వచ్చినది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా పంచుకొన్నది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కొంతకాలానికి జట్టు పేరు ఆంధ్రా పోలీసుగా మారినందున కొన్ని గ్రంథాలలో ఇవి రెండు జట్లవలె కనిపిస్తవి, జట్టు ఒక్కటే. ఇవి గాక, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు పేరిట మనవారు వరుసగా రెండుసార్లు గెలిచారు.

ఇక ఆ 'ఎట్లు' అన్నదానికి వద్దాము.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, ఉపాధ్యాయవృత్తి చేపట్టి, కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ మున్నగు పాఠశాలలలో పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1940ల ఆరంభంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, తుదిశ్వాస విడిచేవరకు ఆ పదవిలో ఉన్నారు. 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షకులు. దాదాపు అదే కాలంలో భారత జట్టుకు కూడ శిక్షకులు. నగరంలో అందరికీ ఆయన 'రహీం సాహెబు'. విద్య నేర్పిన గురువును మన భాషలలో ఉస్తాదు అన్నా, ఆచార్యుడు అన్నా ఆ గౌరవం ఒక్కటే గదా!

ఆయన శిక్షణలో అన్నిటికన్న ఆశ్చర్యకరమైనది, నాకు అన్నిటికన్న ప్రీతిపాత్రమైనది, ఆయన నడిపిన చిన్న చిన్న పోటీలు. ఒక పోటీలో నియమమేమనగా ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలెను. మనలో నూటికి ఎక్కువమందికి కుడికాలు వాటము. ఎడమవైపు వచ్చిన బంతిని అట్టివాడు కుడికాలిమీదికి మార్చుకొని తన్నడానికి ఒక్క క్షణం పడుతుంది. చూచేవారికి అది లెక్కలోనిది కాదు. కాని ఆ క్షణంలోనే ప్రత్యర్థి వచ్చి మీద పడతాడు, పాసు పోవలసిన దారి మూసుకొంటుంది. రెండు కాళ్ళూ సమానంగా ఆడేవానికి ఈ నష్టం లేదు. పైగా అతడు బంతిని ఎటు పంపుతాడో ప్రత్యర్థి ముందుగా ఊహించలేడు. దీనిని ఉపన్యాసం చెప్పి నేర్పడం అసాధ్యం. 'ఎడమకాలు కూడ వాడుకోవాలి సుమా' అని ఎంత చెప్పినా కాలు తన అలవాటునే పోతుంది. కనుక రహీం గారు మాటలు మాని నియమం పెట్టారు. పోటీలో గెలవాలన్న కోరిక ఉన్న కుర్రవాడు ఎడమకాలికి తానే పని నేర్పుకొన్నాడు.

మరొక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. డ్రిబ్లింగ్ అనగా బంతిని కాళ్ళ మధ్యనే ఆడించుకొంటూ ఒక్కొక్క ప్రత్యర్థిని తప్పించుకొని పోవడం. ఆనాటి ప్రేక్షకులకు అది కన్నులపండువు. ఆటగానికి చప్పట్లు తెచ్చిపెట్టే విద్య. అయితే ఒకడు బంతితో అయిదడుగులు వేసేలోపల ఎదుటి జట్టు సర్దుకొంటుంది. బంతి మనిషి కన్న వేగంగా పోగలదు, దానిని పోనివ్వవలెను. డ్రిబ్లింగ్ లేదన్నప్పుడు బంతి అందుకొన్నవాడు అది రాకముందే తరువాత ఎవరికి పంపవలెనో చూచుకొని ఉండాలి. బంతి లేనివాడు ఖాళీ స్థలంలోనికి పరుగెత్తి తాను సిద్ధంగా ఉండాలి. ఒక్క నియమంతో పదకొండుగురికీ పని కల్పించినట్లయినది. పోలీసు జట్టు ఆటలోని వేగం, పొందిక ఈ పాఠశాలలోనివే.

ఇవి ఖర్చుతో కూడిన ఉపకరణాలు కావు. విదేశాల నుంచి తెప్పించినవి కావు. తరగతిగదిలో మొద్దు విద్యార్థికి లెక్క ఎట్లు ఎక్కించవలెనా అని రాత్రింబవళ్ళు యోచించే ఉపాధ్యాయుని బుద్ధిలోనుంచి పుట్టినవి. వ్యాకరణం బోధించే నావంటివానికి ఇది చూచినప్పుడు కొంచెం అసూయ కూడ కలుగుతుంది. సంధిసూత్రాలను ఇంత సులభంగా విద్యార్థిచేత తనంతట తాను నేర్చుకొనేటట్లు చేయగల పోటీ ఏదైనా ఉన్నదా?

రహీం గారు బయటి ప్రపంచాన్ని గమనించనివారు కారు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడిపోయినది. మనవారిలో అనేకులు బూట్లు లేక వట్టికాళ్ళతో ఆడారు. ఆ పరాజయం తరువాతనే బూట్లు తప్పనిసరి అయినవి. అదే ఒలింపిక్సులో హంగరీ జట్టు బంగారు పతకం గెలిచినది. సెంటర్ ఫార్వర్డు గోలు ముందర కాచుకొని ఉండక కొంత వెనుకకు జరిగి ఆటను నడిపించడం ఆ జట్టు ప్రత్యేకత. ప్రత్యర్థి రక్షకుడు అతని వెంట వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది. రాకపోతే అతనికి అడ్డు ఉండదు. ఈ విధానాన్ని మనవారి శక్తికి తగినట్లు మలచి రహీం గారు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో ప్రయోగించారు. ఫలితం లోకవిదితమే. మనవారు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్‌తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశం భారతదేశమే. సెమీఫైనలులో మొదటి గోలు మనదే. తరువాత యుగోస్లావియా నాలుగు గోల్స్ చేసి గెలిచినది. బల్గేరియాతో జరిగిన పోటీలో కూడ ఓడి మనవారు నాలుగవ స్థానంతో తిరిగి వచ్చారు.

ఆ జట్టులో మన నగరానికి చెందినవారి పేర్లు చూడండి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుసేన్, జుల్ఫికారుద్దీన్, తులసీదాస్ బలరాం. అందులో బలరాంను గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. నగరానికి వచ్చి శిక్షణ పొందడానికి దారిఖర్చు లేదని చెప్పగా రహీం గారు సైకిలు అద్దెకు తామే డబ్బిచ్చి రప్పించుకొన్నారని బలరాం స్వయంగా చెప్పుకొన్నారు. ఆ కుర్రవాడే తరువాత గొప్ప ఆటగానిగా దేశమంతటా కొనియాడబడి, 1960 రోము ఒలింపిక్సులో హంగరీపైన గోలు చేసి, 2023లో మరణించేవరకు రహీం సాహెబు పేరును భక్తితో తలచేవాడు.

1962 సెప్టెంబరులో జకార్తా ఆసియా క్రీడల ఫైనలు రహీం గారి జీవితంలో చివరి ఘనకార్యం. అప్పటికే ఆయనను ఊపిరితిత్తుల క్యాన్సరు పట్టుకొని ఉన్నది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలకు ప్రవేశం నిరాకరించిన విషయంలో భారత ప్రతినిధి గురుదత్ సోంధీ చేసిన విమర్శ కారణంగా ఇండొనేషియా ప్రజలు మనవారిపై ఆగ్రహంతో ఉన్నారు. క్రిక్కిరిసిన స్టేడియం అంతా ప్రతికూలమే. పైగా దక్షిణ కొరియా మొదటి పోటీలో మనలను 2-0తో ఓడించిన జట్టు. రక్షణలో మూలస్తంభమైన జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. మరొక శిక్షకుడైతే అతనిని కూర్చోబెట్టి ఉండేవాడు. రహీం గారు అతనిని వెనుకనుంచి తీసి ముందు వరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. అతడు సెమీఫైనలులోను, ఫైనలులోను గోలు చేశాడు. ఫైనలులో మరొక గోలు పి.కె. బెనర్జీది. 2-1తో బంగారు పతకం మనదైనది. ఆ జట్టులో పోలీసు జట్టువారైన యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు.

1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. ఆ సంవత్సరపు రోవర్స్ కప్పు ఆంధ్రా పోలీసు గెలిచినది. డ్యూరాండ్‌లో ఫైనలు వరకు పోయినది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినది. గురువు పోయిన తరువాత కూడ కొంతకాలం పాఠం గుర్తుంటుంది. అటుపై ఆ రెండు కప్పులు మళ్ళీ ఈ జట్టును చేరలేదు.

ఈ క్షీణతకు కారణమేమి? రహీం గారి మరణమే అని అందరూ చెప్తారు. అది నిజం, కాని సగం నిజం. ఆయన ఉన్న కాలంలోనే మంచి ఆటగాళ్ళు కలకత్తా బాట పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే సంఘంలో చేరారు. పోలీసు జట్టు ఇవ్వగలిగినది నెలజీతపు ఉద్యోగం, వృద్ధాప్యంలో పింఛను. కలకత్తా సంఘాలు ఇవ్వగలిగినది అంతకు మించిన ధనము, లక్షమంది జేజేలు. పేరుకు అందరూ అమెచ్యూర్లే అయినా, ఆట అప్పటికే వృత్తిగా మారుతున్నది. ఇరవయ్యేండ్ల కుర్రవాడు, ఇంట పదిమంది తినవలసినవారు ఉన్నవాడు, కలకత్తా ఎంచుకొంటే తప్పుపట్టే అధికారం మనకు లేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో భారతదేశం కాంస్యం గెలిచినప్పుడు జట్టు నాయకుడు మన నయీముద్దీనే. హబీబ్ కూడ ఆ జట్టులో ఉన్నాడు. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుపైన మోహన్ బగాన్ తరఫున గోలు చేసినవాడు హబీబ్. అతని తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్‌పైన పదిహేడవ సెకనులో గోలు చేశాడు. విత్తనం హైదరాబాదుది, పంట కలకత్తాది.

విత్తనం కూడ తరువాత ఎందుకు తగ్గినదన్నది అసలు ప్రశ్న. నా దృష్టిలో దీనికి జవాబు పాఠశాల మైదానంలో ఉన్నది. రహీం గారు మొదట పోలీసు జట్టుకు కాదు, పిల్లలకు ఆట నేర్పినవారు. బడి నుంచి మహల్లా జట్టుకు, అక్కడినుంచి పోలీసు జట్టుకు ఒక మెట్లవరుస ఉండేది. మైదానాలున్న స్థలాలలో భవనాలు లేచినప్పుడు, వ్యాయామోపాధ్యాయుని పీరియడును మరొక విషయానికి ఇచ్చివేసినప్పుడు, కింది మెట్లు విరిగినవి. పైమెట్టుమీద ఎవరు నిలబడగలరు?

ఇటీవలి కాలంలో నగరానికి నిజమైన వృత్తి సంఘం కూడ వచ్చినది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. తన మొదటి ఇండియన్ సూపర్ లీగులో చివరి స్థానం పొంది, స్పెయిన్ దేశీయుడు మనోలో మార్కెజ్ శిక్షణలో పైకి వచ్చి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేత అయినది. గోల్‌కీపరు కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీలను ఆపాడు. గచ్చిబౌలిలో యువకులు జెండాలు పట్టుకొని ఆ జట్టును ఎంతో ప్రేమించారు. రెండేండ్లు గడిచేసరికి ధనాభావం వల్ల ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోగా, 2023-24లో మళ్ళీ చివరి స్థానానికి పడిపోయినది. యాజమాన్యం మారి, 2025లో సంఘం ఢిల్లీకి తరలి పేరు కూడ మార్చుకొన్నది. ఆ జట్టును నేను తక్కువ చేయడం లేదు. వారి విజయం నిజమైనదే. కాని అందులో ఈ నగరపు బడులలో ఆట నేర్చిన బాలురు అరుదు. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే పోయినది. పోలీసు జట్టు పేరు మారినా ఊరు మారలేదు. దాని ఆటగాళ్ళ ఇళ్ళు ఇక్కడే ఉండేవి.

మన కళాశాలలో ప్రతి సంవత్సరం తరగతుల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరుగుతున్నవి. ఈ పర్యాయం వాటిలో ఒక రోజును బలహీనమైన కాలితోనే ఆడే పోటీకి, మరొక రోజును డ్రిబ్లింగ్ లేని పోటీకి కేటాయించవలసినదిగా వ్యాయామ విభాగంవారిని కోరియున్నాను. వారు సమ్మతించారు. పాల్గొనదలచిన విద్యార్థులు తమ పేర్లను ఆ విభాగంలో ఇవ్వవచ్చును. ఎడమకాలివాటం వారు కుడికాలితో ఆడవలసి ఉంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.